ఎమిలీ బ్రాంటేకు తెలిసిన లోకం

ఎమిలీ బ్రాంటేను పరిచయం చేసేవాళ్లలో చాలామంది ఒకే తీరు మాటలతో మొదలుపెడతారు. ఆమె ఎవరితోనూ కలిసేది కాదనీ, ఊరు దాటి పోవడానికి ఇష్టపడేది కాదనీ, పెళ్లి చేసుకోలేదనీ, ముప్పై ఏళ్లకే కన్నుమూసిందనీ చెప్పి, ఇంత తక్కువ లోకం చూసిన మనిషి ‘వుదరింగ్ హైట్స్’ వంటి నవలను ఎట్లా రాయగలిగిందా అని ఆశ్చర్యపోతారు. పైకి ఆ ఆశ్చర్యం మెప్పులాగే కనిపిస్తుంది కాని, కాస్త నిలిచి ఆలోచిస్తే అందులో ఒక చిన్నచూపు దాగి ఉందని తెలుస్తుంది. ఇంటిపట్టున ఉండే ఆడమనిషికి లోకం తెలియదన్న నమ్మకం లేకపోతే ఆ ఆశ్చర్యానికి చోటే ఉండదు. నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లుగా ఇంగ్లీషు సాహిత్యం చెబుతున్న నాకు ఆ నమ్మకం ఎన్నడూ మింగుడుపడలేదు. ఆమె జీవితంలో జరిగిన సంగతులను వరుసగా పరిశీలిస్తే, ఆమె జనానికి దూరంగా మసలినది బెదురు వల్ల కాదనీ, తాను చేయదలచుకున్న పనికి ఆ దూరం అవసరమని గట్టిగా ఎరిగి ఎంచుకున్నదనీ నాకు అర్థమవుతుంది. ఆ సంగతే ఇక్కడ వివరంగా రాయదలచుకున్నాను.

ఆమె 1818 జూలై 30న ఇంగ్లండు ఉత్తరాన ఉన్న యార్క్‌షైర్‌లో, బ్రాడ్‌ఫర్డ్ దగ్గరి థార్న్‌టన్ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి పాట్రిక్ బ్రాంటే ఐర్లండులోని ఒక పేద ఇంట్లో పుట్టి, స్వయంకృషితో కేంబ్రిడ్జి దాకా వెళ్లి చదువుకొని, చర్చిలో మతాచార్యుడైన మనిషి. తల్లి మరియా కార్న్‌వాల్‌లోని పెన్‌జాన్స్ నుంచి వచ్చింది. మరియా, ఎలిజబెత్, షార్లెట్, ఒక్కగానొక్క కొడుకు బ్రాన్‌వెల్, ఆ తర్వాత ఎమిలీ, అందరికంటే చిన్నది యాన్: ఇట్లా ఆరుగురు పిల్లలు. 1820లో తండ్రికి హావర్త్ చర్చి బాధ్యత దక్కడంతో కుటుంబమంతా ఆ ఊరికి తరలిపోయింది. మరుసటి ఏడు సెప్టెంబరులో తల్లి మరణించింది. అప్పటికి ఎమిలీకి మూడేళ్లు. తల్లి అక్క ఎలిజబెత్ బ్రాన్‌వెల్ పిల్లలను చూసుకోవడానికి వచ్చి, చివరిదాకా ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

హావర్త్ అనగానే గాలి హోరెత్తే బీడు నేలల మధ్య ఒంటరిగా నిలబడ్డ ఒక ఇల్లు మన ఊహలో మెదులుతుంది. ఇంటి వెనుక నుంచి ఆ బీడు నేలలు మొదలవుతాయన్నది నిజమే. గడ్డి, హీదర్ పొదలు, నల్లబారిన బండలు తప్ప మరేమీ లేని ఎత్తైన బయళ్లు అవి; వాటిని అక్కడ మూర్లు అంటారు. అయితే ఇంటి ముందువైపు చూస్తే సమాధులతో కిక్కిరిసిన శ్మశానం, దాని కిందుగా నిటారైన వీధి, ఆ వీధి పొడవునా ఉన్ని దువ్వేవాళ్లు, నేసేవాళ్లు, మిల్లు కూలీలు నివసించే ఇళ్లు కనిపించేవి. ఊళ్లో మురుగు కాలువలు లేవు, తాగే నీళ్లు శుభ్రమైనవి కావు. పాట్రిక్ బ్రాంటే పట్టుబట్టి పై అధికారులకు అర్జీలు పెట్టించిన తర్వాత బెంజమిన్ బాబేజ్ అనే తనిఖీ అధికారి వచ్చి 1850లో ఒక నివేదిక ఇచ్చాడు. ఆ ఊళ్లో చనిపోయినవాళ్ల సగటు వయసు 25.8 ఏళ్లనీ, పుట్టిన పిల్లల్లో 41.6 శాతం మంది ఆరేళ్లు నిండకముందే పోతున్నారనీ అందులో ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చే పిల్లలకు ఈ భాగం చెప్పేటప్పుడు నేను ఎక్కువ వివరించవలసిన పని ఉండదు. బావి నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను ఎట్లా వంచుతుందో వాళ్లు తమ తాతల, మేనత్తల ఒంటిమీద చూసినవాళ్లు. తాగే నీళ్లే మనిషిని తినేయడం వాళ్లకు పుస్తకంలోని విషయం కాదు. ఎమిలీ ఇంటి కిటికీలోంచి దాదాపు ప్రతిరోజూ కనిపించినది ఆ శ్మశానమే. అంత దగ్గరగా చావును చూస్తూ పెరిగిన పిల్లకు లోకం తెలియదనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

చావు ఆమె ఇంట్లోకి కూడా తొందరగానే వచ్చింది. 1824లో నలుగురు ఆడపిల్లలను తండ్రి కోవన్ బ్రిడ్జి అనే చోట మతాచార్యుల కుమార్తెల కోసం పెట్టిన బడికి పంపాడు. ఎమిలీ ఆ నవంబరులో ఆరేళ్ల వయసులో అక్కడ చేరింది. చలి, చాలీచాలని తిండి, క్షయ. పెద్దక్క మరియా 1825 మే 6న, రెండో అక్క ఎలిజబెత్ జూన్ 15న చనిపోయారు. ఒకరికి పదకొండేళ్లు, ఒకరికి పదేళ్లు. మిగిలిన ఇద్దరినీ తండ్రి ఇంటికి తెచ్చుకున్నాడు. తర్వాతి రోజుల్లో ఎమిలీ ఇల్లు విడిచినప్పుడల్లా ఆరోగ్యం పాడయ్యేదని రాసేవాళ్లు ఈ బడి సంగతిని దానితో ముడిపెట్టి చూడరు. ఇల్లు విడిచిపోవడమంటే చావుకు ఎదురుపోవడమని ఆరేళ్ల పిల్ల మనసులో నాటుకుపోయి ఉంటే అందులో వింత ఏముంది?

ఆ తర్వాతి పదేళ్లూ ఆమె చదువు ఎక్కువగా ఇంట్లోనే సాగింది. ఆ ఇల్లు చిన్నదే కాని అందులోకి లోకం రాకుండా పోలేదు. తండ్రి పత్రికలు తెప్పించేవాడు, రాజకీయాలను పిల్లలతో పెద్దవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. వంటింట్లో టాబీ ఉండేది. టబిథా ఎక్రాయిడ్ అనే ఆ పనిమనిషి ఆ చుట్టుపక్కల కుటుంబాల కథలన్నీ ఎరిగిన మనిషి. ఎవరి ఇల్లు ఎట్లా కూలిందో, ఎవరి ఆస్తి ఎవరి చేతికి పోయిందో, మిల్లులు రాకముందు ఆ కొండవాగుల దగ్గర ఏమేమి తిరిగేవని జనం నమ్మేవారో యార్క్‌షైర్ యాసలో చెబుతూ ఉండేది. ‘వుదరింగ్ హైట్స్’ కథను మనకు చెప్పేది నెల్లీ డీన్ అనే పనిమనిషి అన్న సంగతి గుర్తున్నవాళ్లకు టాబీ విలువ వేరే చెప్పనక్కరలేదు. పొయ్యి దగ్గర కూర్చొని, మధ్యమధ్యలో చేతిపని చూసుకుంటూ, రెండు తరాల ముచ్చటను ఎక్కడా పట్టు తప్పకుండా చెప్పే ఆడమనిషి గొంతు అది. గొల్లసుద్దులు విన్నవాళ్లకు, పొలం పనుల దగ్గర ముసలమ్మల ముచ్చట్లు విన్నవాళ్లకు ఆ గొంతు కొత్తగా అనిపించదు.

1826లో తండ్రి బ్రాన్‌వెల్ కోసం తెచ్చిన చెక్క సైనికుల బొమ్మలతో పిల్లల ఊహా రాజ్యాలు మొదలయ్యాయి. షార్లెట్, బ్రాన్‌వెల్ ఒక రాజ్యాన్ని అల్లుకుంటూ పోతే, 1831 ప్రాంతంలో ఎమిలీ, యాన్ వాళ్ల నుంచి విడిపోయి గొండాల్ అనే తమ సొంత ద్వీపాన్ని కల్పించుకున్నారు. అది ఉత్తర పసిఫిక్ సముద్రంలో ఉన్నదని అనుకున్నారు. ఆ రాజ్యానికి రాణులు, కుట్రలు, యుద్ధాలు, జైళ్లు అన్నీ ఉన్నాయి. అక్కడ అధికారం చేతబట్టిన ఆడవాళ్లు ఉన్నారు, ప్రేమించిన మగవాళ్లను బందిఖానాలో పెట్టించగల ఆడవాళ్లు ఉన్నారు. గొండాల్ గురించి వాళ్లు రాసిన వచనం అంతా పోయింది. ఎమిలీ కవితల్లో దాని జాడలు మిగిలాయి. అది చిన్ననాటి ఆటగా ఆగిపోలేదు. ఎమిలీ దాన్ని చివరిదాకా విడిచిపెట్టలేదు.

ఆమె స్వభావం ఎట్లాంటిదో తెలుసుకోవడానికి నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆధారాలు ఆమె, యాన్ కొన్నేళ్లకొకసారి రాసి దాచుకున్న చిన్న కాగితాలు. 1834 నవంబరు 24 నాటి కాగితం రాసేనాటికి ఎమిలీకి పదహారేళ్లు. పెంచుకుంటున్న పిట్టలకు మేత వేశామనీ, షార్లెట్ చేయబోయే పిండివంట కోసం ఆపిల్ పళ్లు చెక్కు తీశామనీ, లీడ్స్ నియోజకవర్గంలో నిలబడమని సర్ రాబర్ట్ పీల్‌ను అడగబోతున్నారన్న వార్త బ్రాన్‌వెల్ తెచ్చాడనీ, గొండాల్ మనుషులు గాల్డిన్ అనే దేశం లోపలి భాగాలను కనుగొంటున్నారనీ, వెనుక వంటింట్లో ఒకామె బట్టలు ఉతుకుతున్నదనీ అన్నీ ఒకే వరుసలో, ఒకదానికీ మరొకదానికీ ఎక్కువ తక్కువలు లేకుండా రాసుకుపోయింది. మధ్యాహ్నం పన్నెండు దాటినా పక్కలు సర్దలేదు, పాఠాలు చదవలేదు; ఆలుగడ్డల చెక్కు తీయకుండా కలం పట్టుకొని కూర్చున్నందుకు టాబీ మందలిస్తుంది. నవలాకారిణి మొత్తం ఆ కాగితంలోనే కనిపిస్తుంది. దేశ రాజకీయం, ఊహా ద్వీపం, ఆలుగడ్డ ఆమె మనసులో ఒకే గదిలో ఉన్నాయి. ఇందులో లోకాన్ని వదిలేసిన మనిషి ఎక్కడుంది?

1845 జూలై నాటి కాగితం ఇంకా ఆశ్చర్యకరమైనది. అప్పటికి ఆమెకు ఇరవై ఏడేళ్లు. యాన్‌తో కలిసి యార్క్ నగరానికి పోయి వచ్చిన సంగతి రాస్తూ, దారి పొడవునా ఇద్దరూ గొండాల్ పాత్రలుగా మారి, రాజభవనాల నుంచి తప్పించుకుపోతున్నవాళ్లలాగా ఆడుకున్నామని ఎంతో సంతోషంగా చెప్పింది. తనకు ఏ దిగులూ లేదనీ, ఒంట్లో ఓపిక ఉందనీ, అందరూ తనంత హాయిగా ఉంటే బాగుండుననీ రాసుకుంది. ఆ నెలలోనే బ్రాన్‌వెల్ ఉద్యోగం పోగొట్టుకొని, మనసు విరిగి, తాగుడులో పడ్డాడు. సొంతంగా బడి పెట్టుకోవాలని అక్కచెల్లెళ్లు అచ్చు వేయించిన ప్రకటనలకు ఒక్క విద్యార్థిని కూడా రాలేదు. అవన్నీ ఎరిగి ఉండి కూడా ఆమె అట్లా రాయగలిగింది. దుఃఖమే ఆమె నివాసమని చిత్రించినవాళ్లు ఈ కాగితాన్ని చదివారో లేదో నాకు తెలియదు.

ఆమె ఇల్లు విడిచి వెళ్లిన సందర్భాలు కొన్నే ఉన్నాయి. 1835లో షార్లెట్ ఉపాధ్యాయినిగా ఉన్న రో హెడ్ బడికి విద్యార్థినిగా పోయి, కొద్ది నెలల్లోనే చిక్కిపోయి తిరిగి వచ్చింది. ఆమె స్థానంలో యాన్ వెళ్లింది. 1838లో హాలిఫాక్స్ దగ్గరి లా హిల్ అనే బడిలో ఉపాధ్యాయినిగా చేరింది. దాదాపు నలభై మంది పిల్లలు, పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా పని, మధ్యలో అరగంట విరామం. దీన్ని బానిసత్వమని షార్లెట్ ఒక ఉత్తరంలో రాసింది. ఆ ఉద్యోగం సుమారు ఆరు నెలలు సాగింది. ఈ రోజు మన జిల్లాలో ప్రైవేటు కాలేజీ హాస్టళ్లలో పగలు పాఠం, రాత్రి స్టడీ అవర్ చూసుకునే చదువుకున్న ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. ఆ ఉత్తరంలోని పని గంటలు వాళ్లకు అతిశయోక్తిగా కనిపించవు. అటువంటి కొలువు నుంచి ఆరు నెలలకే వచ్చేసిన మనిషిని సున్నితమైనదని అనుకోవడం సులభం. ఆ ఆరు నెలల్లో కూడా ఆమె కవితలు రాస్తూనే ఉన్నదని, తన సమయం తనకు దక్కని చోట నిలబడలేకపోయిందని చూడడం న్యాయం.

1842 ఫిబ్రవరిలో షార్లెట్‌తో కలిసి బ్రస్సెల్స్ వెళ్లింది. అక్కడ ఫ్రెంచి నేర్పిన కాన్‌స్టాంటిన్ ఎగే, తర్వాతి రోజుల్లో ఆమె గురించి అడిగినప్పుడు, ఆమె తర్కశక్తిని గొప్పగా మెచ్చుకొని, మగవాడిగా పుట్టి ఉంటే కొత్త సముద్ర మార్గాలను కనుగొనే గొప్ప నావికుడు అయ్యేదని అన్నాడు. ఎలిజబెత్ గాస్కెల్ 1857లో ప్రచురించిన షార్లెట్ జీవితచరిత్రలో ఈ మాట ఉంది. ఇద్దరు విద్యార్థినులలో ఎమిలీ బుద్ధే ఎక్కువ పదునైనదని ఆయన అభిప్రాయం. అదే ఏడు అక్టోబరు చివర పిన్నీ పెద్దమ్మ తానే అయి పెంచిన ఎలిజబెత్ బ్రాన్‌వెల్ చనిపోవడంతో అక్కచెల్లెళ్లు ఇంటికి వచ్చారు. షార్లెట్ మళ్లీ బ్రస్సెల్స్ పోయింది. ఎమిలీ పోలేదు. ఇల్లు నడిపే బాధ్యత తాను తీసుకుంది.

ఆ నిర్ణయాన్ని నేను చాలా పెద్ద నిర్ణయంగా చూస్తాను. రొట్టె పిండి కలుపుతూ ఎదురుగా జర్మన్ పుస్తకం నిలబెట్టుకొని చదివేదని గాస్కెల్ రాసింది. చనిపోయిన పెద్దమ్మ వదిలివెళ్లిన సొమ్మును రైల్వే షేర్లలో పెట్టి, పత్రికల్లో రైల్వేల గురించి వచ్చిన ప్రతి వార్తనూ ప్రకటననూ చదువుతూ, ముగ్గురి తరఫునా ఆ లెక్కలను చూసినది ఎమిలీయే. తండ్రి చూపు మందగిస్తున్న రోజులవి. తుపాకి గురి చూసి కాల్చడం ఆయన ఆమెకు నేర్పించాడు. ఇంట్లో పని, షేర్ల లెక్క, కీపర్ అనే పెద్ద కుక్కతో మూర్ల మీద నడక, మిగిలిన వేళల్లో రాత. కీర్తి కోసం ఊరు విడిచిపోయినవాళ్లకు దక్కని గంటలు ఆమెకు ఇట్లా దక్కాయి. 1844 ఫిబ్రవరిలో ఆమె తన కవితలను రెండు నోటుబుక్కుల్లోకి, గొండాల్‌వి ఒకదాంట్లోకి, మిగిలినవి మరొకదాంట్లోకి, ఎత్తి రాయడం మొదలుపెట్టింది. తన పని విలువ తాను ఎరిగినవాళ్లు చేసే పని అది.

1845 శరత్కాలంలో వాటిలో ఒక నోటుబుక్కు షార్లెట్ కంటపడింది. అడగకుండా చదివినందుకు ఎమిలీకి తీవ్రమైన కోపం వచ్చింది. సర్ది చెప్పడానికి గంటలు పట్టిందనీ, ప్రచురణకు ఒప్పించడానికి రోజులు పట్టిందనీ షార్లెటే రాసింది. చివరికి 1846 మేలో కరర్, ఎలిస్, ఆక్టన్ బెల్ అనే మారుపేర్లతో, అక్కచెల్లెళ్లే ఖర్చు పెట్టుకొని వేయించిన కవితల పుస్తకం వచ్చింది. అందులో ఎమిలీవి 21 కవితలు. గొండాల్ పేర్లన్నీ తీసేసి, చదివేవాళ్లకు ఆ ద్వీపం జాడ తెలియకుండా చేసి ఇచ్చింది. ఏడాదిలో అమ్ముడైనవి రెండు ప్రతులు. వాళ్లు వెనక్కి తగ్గలేదు. ముగ్గురూ అప్పటికే నవలలు రాస్తున్నారు. 1847 డిసెంబరులో థామస్ న్యూబీ అనే ప్రచురణకర్త, రచయిత్రుల దగ్గర ముందుగా సొమ్ము తీసుకొని మరీ, ‘వుదరింగ్ హైట్స్’ను యాన్ రాసిన ‘యాగ్నెస్ గ్రే’తో కలిపి మూడు సంపుటాలుగా వేశాడు. ఎలిస్ బెల్ అన్న పేరు వెనుక ఉన్న మనిషి ఎవరో చెప్పడానికి ఎమిలీ ఎన్నడూ ఒప్పుకోలేదు. 1848 జూలైలో షార్లెట్, యాన్ లండను వెళ్లి ప్రచురణకర్తల ఎదుట నిలిచినప్పుడు ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. ముగ్గురం అక్కచెల్లెళ్లమని షార్లెట్ అక్కడ చెప్పేసినందుకు ఆమెకు కోపం వచ్చింది. తన గురించి ఇకమీద ఉత్తరాల్లో ప్రస్తావించవద్దని ప్రచురణకర్తలను కోరవలసి వచ్చింది షార్లెట్‌కు.

ఇక నవల సంగతి. ఒక ఏడు దీన్ని చెబుతున్నప్పుడు దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి, “మేడమ్, ఇది ప్రేమ కథ అంటున్నరు గని, నాకైతే అంత భూమి పంచాయితీ లెక్కనే కనిపిస్తున్నది” అన్నది. తరగతిలో కొందరు నవ్వారు. నేను మాత్రం ఆ పిరియడ్ అంతా ఆ మాట చుట్టూనే పాఠం చెప్పాను, ఆ తర్వాత కూడా ఏటా అట్లాగే చెబుతున్నాను. హీత్‌క్లిఫ్, కాథరిన్‌ల మధ్య ఉన్న బంధం ఎంత గాఢమైనదో అందరూ రాశారు. కాని లివర్‌పూల్ వీధుల్లో దొరికి, కాథరిన్ ఇంట్లో పెరిగిన దిక్కులేని పిల్లవాడు హీత్‌క్లిఫ్ పెద్దవాడై రెండు పెద్ద ఇళ్లనూ వాటి భూములనూ ఏ మార్గంలో చేజిక్కించుకున్నాడో ఎమిలీ అడుగడుగునా వివరంగా రాసింది. కాథరిన్ అన్న హిండ్లీ జూదానికి అప్పు మీద అప్పు చేసి, తన భూమిని గజం మిగలకుండా హీత్‌క్లిఫ్‌కు తాకట్టు పెడతాడు. హిండ్లీ చనిపోయే నాటికి వుదరింగ్ హైట్స్ అనే ఆ ఇల్లు అప్పిచ్చినవాడి సొత్తు అయిపోతుంది. హిండ్లీ కొడుకు హేర్టన్ తన తండ్రి ఇంట్లోనే, కూలి కూడా లేని జీతగాడిగా, అది తనకు జరిగిన అన్యాయమని కూడా తెలియకుండా పెరుగుతాడు. హీత్‌క్లిఫ్ అతనికి చదువు రానివ్వడు. భూమితో పాటు తెలివిని కూడా లాక్కోవాలని వాడికి తెలుసు.

మన దగ్గర ఈ భాగం చదివి కదలని విద్యార్థిని నాకు ఇంతవరకు కనిపించలేదు. తెల్లకాగితం మీద వేలిముద్ర, పెరిగి పెరిగి భూమి మీదికి వచ్చిన వడ్డీ, అదే చెలకలో కూలికి పోవలసి వచ్చిన కొడుకులు: మా ఇళ్లల్లో పెద్దవాళ్లు చెప్పుకునే ముచ్చట్లలో సగం ఇవే. అప్పట్లో నల్లగొండ జిల్లాలో భాగమైన జనగామ తాలూకాలోని పాలకుర్తిలో, చాకలి ఐలమ్మ తన పంటనూ భూమినీ విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల నుంచి కాపాడుకోవడానికి నిలబడిన చరిత్ర ఇక్కడి పిల్లలకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఎమిలీ నవలలో ఆక్రమించేవాడు దొర కొడుకు కాదు, దొరల చేత తన్నులు తిన్నవాడు. తన్నులు తిన్నవాడే దొరల ఆయుధాలన్నీ నేర్చుకొని దొర అయిపోతే ఏం జరుగుతుందో ఆమె చివరిదాకా వెంబడించి రాసింది. ఆ నిర్దయను మంచిగా చూపలేదు, చెడ్డగా తీర్పు చెప్పి వదిలేయనూ లేదు.

రెండో ఇల్లు చేతికి వచ్చిన తీరు ఇంకా చిక్కైనది. ఆ ఇల్లు కాథరిన్ భర్త ఎడ్గార్ లింటన్‌ది. అతని తండ్రి వీలునామా ప్రకారం, ఎడ్గార్‌కు కొడుకు లేకపోతే భూమి అతని కూతురు కాథీకి రాదు, చెల్లెలు ఇసబెల్లాకు, ఆమె తర్వాత ఆమె కొడుక్కు పోతుంది. హీత్‌క్లిఫ్ ఇసబెల్లాను పెళ్లాడింది అందుకే. తర్వాత, చావుకు దగ్గరపడిన తన కొడుకుకు కాథీని నిర్బంధించి మరీ కట్టబెడతాడు. ఆనాటి ఇంగ్లండు చట్టంలో పెళ్లయిన ఆడదాని చరాస్తి మొత్తం భర్తదే. కొడుకు చేత తనకు వీలునామా రాయించుకుంటాడు. కూతురి సొమ్మును ధర్మకర్తల చేతిలో పెట్టి కాపాడాలని ఎడ్గార్ వకీలు కోసం కబురు పెడితే, ఆ వకీలును హీత్‌క్లిఫ్ ముందే కొనేసి ఉంటాడు, ఆయన వచ్చేసరికి ఎడ్గార్ ప్రాణం పోయి ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లకు తమ ఆస్తి మీద పూర్తి హక్కు ఇచ్చిన చట్టం ఇంగ్లండులో వచ్చింది 1882లో, ఎమిలీ చనిపోయిన 34 ఏళ్లకు. సి.పి. సాంగర్ అనే న్యాయవాది 1926లో ఈ నవలలోని తేదీలనూ వారసత్వ సంగతులనూ లెక్కగట్టి చూసి, రెండు కుటుంబాల వంశవృక్షాలు ఎంత కచ్చితంగా పొసగుతున్నాయో, భూమి చట్టం మీద రచయిత్రికి ఎంత పట్టు ఉన్నదో ఒక వ్యాసంలో చూపించాడు. రైల్వే షేర్ల వార్తలను వరుసగా చదువుకుంటూ పోయిన మనిషికి ఆ పట్టు ఎక్కడి నుంచి వచ్చిందని అడగవలసిన పని లేదు. లా హిల్ కట్టించిన జాక్ షార్ప్ అనేవాడు తనను పెంచిన కుటుంబం ఆస్తిని ఆక్రమించిన కథ ఆ ప్రాంతంలో ప్రచారంలో ఉండేదనీ, బడిలో ఉన్న రోజుల్లో ఎమిలీ దాన్ని విని ఉండవచ్చనీ పరిశోధకులు అంటారు. బానిసత్వం వంటి ఆ ఆరు నెలలు వృథా పోలేదన్నమాట.

విమర్శకులు ఆనాడు నవలలోని బలాన్ని ఒప్పుకుంటూనే, దాని కర్కశత్వానికి ముఖం తిప్పుకున్నారు. పైన చెప్పిన లెక్కలేవీ వాళ్ల కంట పడలేదు. ఎమిలీ ఆ విమర్శలకు జవాబు రాయలేదు. ఆమె మరణం తర్వాత ఆమె రాతపెట్టెలో ఐదు సమీక్షల కత్తిరింపులు దొరికాయి. జనం తన గురించి ఏమంటున్నారో ఆమెకు పట్టలేదనడం కూడా నిజం కాదన్నమాట. చదివింది, దాచుకుంది, నోరు విప్పలేదు. అదే పెట్టెలో, తర్వాతి నవలకు తొందరేమీ లేదని చెబుతూ 1848 ఫిబ్రవరిలో న్యూబీ రాసిన ఉత్తరం కూడా ఉంది. ఆమె రెండో నవల మొదలుపెట్టి ఉంటుందని దాన్ని బట్టి చాలామంది భావిస్తారు. ఆ రాతప్రతి ఒక్క కాగితం కూడా మనకు మిగలలేదు.

1848 సెప్టెంబరు 24న బ్రాన్‌వెల్ చనిపోయాడు. ఆ అంత్యక్రియల నాడు పట్టుకున్న జలుబు ఎమిలీని విడవలేదు, క్షయగా ముదిరింది. మందు వద్దంది, వైద్యుణ్ణి రానివ్వలేదు, ఇంటిపనులు మానలేదు. డిసెంబరు 19న మధ్యాహ్నం కన్నుమూసింది. మరుసటి మే నెలలో యాన్ కూడా పోయింది. ఈ మరణం చుట్టూ అల్లిన వర్ణనలు చాలా ఉన్నాయి. వాటి జోలికి నేను పోదలచుకోలేదు, ఎందుకంటే ఆ చివరి మూడు నెలలను ఎంత పెద్దవి చేస్తే అంతకుముందు చేసిన పని అంత చిన్నదిగా కనిపిస్తుంది.

ఇంట్లో మిగిలిపోయిన షార్లెట్ 1850లో చెల్లెళ్ల పుస్తకాలను మళ్లీ వేయిస్తూ ముందుమాటలు రాసింది. ఎమిలీ చుట్టుపక్కల జనంతో దాదాపు మాట్లాడేది కాదనీ, అయినా వాళ్ల కుటుంబ చరిత్రలు, మాట తీరు, నడవడి అన్నీ వివరంగా ఎరిగినదనీ, హీత్‌క్లిఫ్ వంటివాణ్ణి సృష్టించడం మంచిదో కాదో తాను చెప్పలేననీ రాసింది. ఒక విధంగా చెల్లెలి తరఫున పాఠకుల దగ్గర క్షమాపణ అడిగింది. అంతటితో ఆగకుండా ఆమె కవితల్లో మాటలు మార్చింది, పంక్తులు చేర్చింది. 1846 జనవరి 2 నాటి కవిత ఒకదాన్ని, పిరికితనం తనలో లేదని చాటేదాన్ని, చెల్లెలి చివరి రచనగా పరిచయం చేసింది, ఎమిలీ ఆ తర్వాత కూడా రాసినప్పటికీ. పుట్టెడు దుఃఖంలో, ఏడెనిమిది నెలల్లో ముగ్గురిని మట్టికి అప్పగించిన అక్క చేసిన పని కనుక షార్లెట్‌ను నేను నిందించలేను. అయినా లోకం ఎరగని కొండప్రాంతపు పిల్ల అన్న బొమ్మ మొదట తయారైనది ఆ ముందుమాటల్లోనే. ఆ తర్వాత వచ్చినవాళ్లు దానికి రంగులు అద్దారు.

నవలను మొదటిసారి చదవబోయేవాళ్లకు, ముఖ్యంగా మా ప్రాంతపు ఆడపిల్లలకు నాదొక సలహా. పేర్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి తికమక పెడతాయి కనుక రెండు కుటుంబాల వంశవృక్షాన్ని కాగితం మీద గీసుకొని దగ్గర పెట్టుకోండి. హిండ్లీ చనిపోయే 17వ అధ్యాయం దగ్గరా, ఎడ్గార్ చనిపోయే 28వ అధ్యాయం దగ్గరా ఆగి, ఆ నిమిషానికి ఏ ఇల్లు ఎవరి పేరున ఉన్నదో పక్కన రాసుకోండి. ముందుమాట ఉన్న ప్రతి దొరికితే దాన్ని నవల పూర్తయ్యాక చదవండి.